ఎప్పుడో తెలుసు, ఎక్కడో తెలియదు

ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది ప్రాజెక్టు కోసం 2022 జులైలో సార్ గదికి వెళ్తే, ఆయన ముందుగా నా చేతిలో పెట్టింది నాలుగైదు పేజీల జెరాక్స్. 1973లో అచ్చయిన పేపరు అది. క్లెబెసాడెల్, స్ట్రాంగ్, ఓల్సన్ అనే ముగ్గురు రాశారు.

"చదువుకుని రామ్మా. వాళ్ళకి ఏం తెలిసిందో వద్దు, ఏం తెలియలేదో రాసుకుని రా" అన్నారు.

హాస్టల్లో ఆ రాత్రే చదివేశాను. కథ నాకు కొంత తెలిసిందే. 1963లో అణు పరీక్షల మీద ఒప్పందం కుదిరాక, రష్యా వాళ్ళు చాటుగా అంతరిక్షంలో బాంబులు పేలుస్తారేమోనని అమెరికా వేలా అనే కాపలా ఉపగ్రహాలను పంపింది. బాంబు పేలితే గామా కిరణాలు వస్తాయి కాబట్టి వాటిని పట్టే డిటెక్టర్లు పెట్టారు. 1967 జులై 2న వాటికి ఒక మెరుపు తగిలింది. కానీ దాని తీరు బాంబు తీరు కాదు. దాన్ని పక్కన పెట్టారు. తర్వాత మెరుగైన ఉపగ్రహాలు ఎగిరాయి. 1969 నుంచి 1972 దాకా అలాంటివి 16 దొరికాయి. అవి భూమి నుంచి రాలేదు, సూర్యుడి నుంచీ రాలేదు. పేపరు అక్కడితో అయిపోయింది.

నా నోట్‌బుక్‌లో "ఏం తెలియలేదు" అన్న హెడ్డింగ్ కింద ఒకే మాట రాసుకున్నాను: ఎక్కడ.

మర్నాడు చూపిస్తే సార్ నవ్వారు. "ఆ ఒక్క మాటకి పాతికేళ్ళు పట్టింది. మరి భూమి నుంచి కాదని మాత్రం వాళ్ళకి ఎలా తెలిసింది?" అని అడిగారు. పేపర్లో ఉన్నదే చెప్పాను: మెరుపు అన్ని ఉపగ్రహాలకూ ఒకే క్షణంలో తగల్లేదు, కొంచెం ముందూ వెనకా తగిలింది, ఆ తేడా నుంచి లెక్క కట్టారు. "అర్థమయిందా, బట్టీ పట్టావా?" అన్నారు. నిజం చెప్పాలంటే అప్పటికి బట్టీనే.

అర్థమయింది మెస్సులో పప్పన్నం కలుపుకుంటుంటే. మాది సూళ్లూరుపేట. అప్పట్లో నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. శ్రీహరికోటలో రాకెట్ లేచిందంటే మిద్దెల మీద జనం ఉంటారు. ముందు వెలుగు కనిపిస్తుంది, చప్పుడు రాదు. నిమిషం దాటాక మొదలవుతుంది ఆ ఉరుము, కిటికీ రెక్కలు కొట్టుకుంటాయి. నాయుడుపేటలో మా అమ్మమ్మ వాళ్ళకి ఇంకో నిమిషం పడుతుంది. చిన్నప్పుడు ఫోన్ చేసి "వచ్చిందా? వచ్చిందా?" అని అరిచేవాళ్ళం. "ఇంకా లేదే... ఆఁ, వచ్చింది!" అనేది అమ్మమ్మ. వెలుగు కనపడకపోయినా, ఏ ఊళ్ళో ఎప్పుడు వినపడిందో రాసుకుంటే రాకెట్ ఎటువైపు లేచిందో చెప్పేయొచ్చు. వేలా వాళ్ళు చేసింది అదే. వాళ్ళు ఊళ్ళకు బదులు ఉపగ్రహాలను, చప్పుడుకు బదులు కాంతిని వాడారు. కాంతి సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి తేడా నిమిషాల్లో ఉండదు, సెకనులో పిసరంత ఉంటుంది. అంతే తేడా.

నా ప్రాజెక్టు పని ఏమిటంటే, ఫెర్మి ఉపగ్రహం డేటా తీసుకుని ఒక గామా కిరణ విస్ఫోటం (వేలాకి తగిలిన మెరుపు అలాంటిదే; మేమంతా బర్స్ట్ అనే అంటాం) ఆకాశంలో ఎక్కడ జరిగిందో సొంతంగా లెక్కకట్టడం. డేటా అంతా ఉచితం, ఎవరైనా దించుకోవచ్చు. జవాబు ముందే తెలిసిన బర్స్ట్‌తో మొదలుపెట్టమన్నారు సార్. 2019 జనవరి 14 నాటిది ఎంచుకున్నాం. మన టైం ప్రకారం 15 తెల్లవారుజాము 2 గంటల 27 నిమిషాలకు వచ్చింది. ఫెర్మి, స్విఫ్ట్ అనే ఇంకో ఉపగ్రహం, రెండూ పట్టాయి. స్విఫ్ట్ చోటు చెప్పిన నిమిషంలోపే కానరీ దీవుల్లోని మ్యాజిక్ టెలిస్కోపులు అటు తిరిగి, అంతవరకూ ఏ బర్స్ట్‌లోనూ చూడనంత శక్తి ఉన్న కాంతిని పట్టుకున్నాయి. ఆ వెలుగు దాదాపు 450 కోట్ల ఏళ్ళు ప్రయాణించి వచ్చింది. అంటే మన భూమి వయసంత.

ఫెర్మి మీద జీబీఎం అనే పరికరం ఉంది. గామా కిరణాలను అద్దంతోనో కటకంతోనో ఒక చోటికి మళ్ళించడం కుదరదు, అవి దూసుకుపోతాయి. కాబట్టి జీబీఎం ఫోటో తీయదు, తగిలినవాటిని లెక్కపెడుతుంది, అంతే. ఉపగ్రహం చుట్టూ పన్నెండు సోడియం అయొడైడ్ బిళ్ళలు, ఒక్కోటి దిబ్బరొట్టెంత: 12.7 సెంటీమీటర్ల వ్యాసం, సెంటీమీటరు పైన మందం. పన్నెండూ పన్నెండు వైపులకు తిరిగి ఉంటాయి. ఇంకా ఎక్కువ శక్తి కోసం బిస్మత్ జర్మనేట్‌వి రెండు. కనీసం రెండు బిళ్ళల్లో ఒకేసారి లెక్క మామూలు కంటే బాగా పెరిగితే, ఉపగ్రహమే "ఏదో వచ్చింది" అని కబురు పంపుతుంది. ఏడాదికి సుమారు 240 బర్స్ట్‌లు పడతాయి దానికి.

ఎటునుంచి వచ్చిందో తెలిసేది ఎలాగంటే, భోగిమంట దగ్గర కూర్చున్నట్టు. కళ్ళు మూసుకున్నా ఏ చెంప కాలుతోందో తెలుస్తుంది కదా. మంటకు ఎదురుగా ఉన్న బిళ్ళకు ఎక్కువ తగులుతాయి, పక్కకు ఉన్నదానికి తక్కువ, వెనక ఉన్నదానికి దాదాపు సున్నా. పన్నెండు అంకెలు తీసుకుని, ఏ దిక్కు అయితే ఈ పన్నెండూ ఇలా వస్తాయో వెతకాలి. ఇంటర్‌లో నేర్చుకున్న కొసైన్ చాలు అనుకున్నాను. రెండు వారాల్లో తేల్చేసి మిగతా సెమిస్టర్ హాయిగా ఉందామని కూడా అనుకున్నాను.

ఫైళ్ళు దించడానికే హాస్టల్ నెట్‌తో రెండు రాత్రులు పట్టింది. ఒక్కో బిళ్ళకు ఒక్కో ఫైలు. అందులో తగిలిన ప్రతి ఫోటాన్‌కీ ఒక వరస, ఏ క్షణాన తగిలిందో సెకనులో పది లక్షల వంతు లెక్కన రాసి ఉంటుంది. మొదటిసారి గ్రాఫ్ గీసినప్పుడు మాత్రం ఒళ్ళు జలదరించింది. ఎగుడుదిగుడుగా పాకుతున్న గీత ఉన్నట్టుండి నిట్టనిలువుగా లేచింది. మొదటి ఆరు సెకన్లలోనే అసలు హడావిడంతా. గదిలో ఉన్న ఫ్రెండ్‌ని లేపి చూపించాను. "ఈసీజీనా?" అని మళ్ళీ పడుకుంది.

తర్వాత పని బ్యాక్‌గ్రౌండ్ తీసేయడం. అంతరిక్షంలో ఎప్పుడూ ఏవో కిరణాలు తగులుతూనే ఉంటాయి. బర్స్ట్‌కు ముందు కొంత, తర్వాత కొంత చూసి, మధ్యలో ఎంత ఉండి ఉంటుందో గీత గీసి తీసేయాలి. ఫెర్మి గంటన్నరలో భూమిని ఒక చుట్టు చుడుతుంది కాబట్టి ఆ బ్యాక్‌గ్రౌండ్ కూడా తిన్నగా ఉండదు, వంకరపోతూ ఉంటుంది. ఇదంతా సాగదీయను. పన్నెండు అంకెలు చేతికొచ్చాయి. కోడ్ నడిపాను. జవాబు వచ్చింది.

స్విఫ్ట్ చెప్పిన చోటికి 117 డిగ్రీల దూరంలో.

పైగా ఆ సమయంలో ఉపగ్రహం నుంచి చూస్తే అటువైపు ఆకాశమే లేదు, భూమి ఉంది. సార్ స్క్రీన్ వైపు చాలాసేపు చూసి, "భూమిని తొలుచుకుని వచ్చిందంటావా?" అన్నారు. వెక్కిరింతలా అనలేదు, అదే నాకు ఎక్కువ సిగ్గేసింది.

పదకొండు రోజులు. ఉపగ్రహం ఎటు తిరిగి ఉందో చెప్పే నాలుగు అంకెలుంటాయి, వాటి వరస తప్పేమోనని మార్చాను. డిగ్రీలు, రేడియన్లు కలిసిపోయాయేమోనని చూశాను. బ్యాక్‌గ్రౌండ్ మూడు రకాలుగా తీశాను. ప్రతిసారీ బర్స్ట్ భూమి లోపలో, భూమి పక్కనో. రాత్రి రెండింటికి కూర్చుని, పన్నెండు అంకెలూ కాగితం మీద చేత్తో రాసుకుని, ఏ బిళ్ళకు ఏది అని పేర్లు రాస్తుంటే తెలిసింది. బిళ్ళల పేర్లు ఎన్0 నుంచి ఎన్9, తర్వాత ఎన్ఎ, ఎన్‌బి. ఆ పెద్ద బిస్మత్ రెండింటి పేర్లు బి0, బి1. నేను టైపు చేసుకున్న దిక్కుల పట్టికలో ఎన్‌లు ముందు, బి రెండూ చివర. కంప్యూటర్ ఫైళ్ళను అక్షర క్రమంలో తెరిచింది, అంటే బి రెండూ ముందు. మొత్తం వరస రెండు స్థానాలు జరిగిపోయింది. ఎన్0కు తగిలిన దెబ్బను ఎన్2కు తగిలినట్టు లెక్కేస్తూ వచ్చాను. ఎల్‌కేజీలో నేర్పిన ఏ బి సి డిల దగ్గర బోల్తా పడ్డాను.

దిద్దితే 117 కాస్తా 19 అయింది. ఆ రాత్రి నిద్రపోలేదు. మరి 19 ఎందుకు, సున్నా కదా రావాలి?

ఇక్కడే ఈ పనిలో నాకు బాగా నచ్చిన విషయం ఉంది. బర్స్ట్ నుంచి వచ్చిన కిరణాలు నేరుగా ఉపగ్రహానికి తగలడమే కాదు, కింద ఉన్న మన వాతావరణానికి తగిలి వెనక్కి చెదిరి, అడుగునుంచి కూడా ఉపగ్రహానికి తగులుతాయి. ఎండాకాలం సున్నం కొట్టిన గోడ పక్కన నడిస్తే సూర్యుడు ఒకవైపు ఉన్నా రెండు చెంపలూ చుర్రుమన్నట్టు. నా కొసైన్‌కు గోడ సంగతి తెలియదు. అందుకని అది బర్స్ట్‌ని కొంచెం భూమివైపు లాగేస్తోంది. అలాగే ఉపగ్రహం ఒంటి మీదే చెదిరేవి కొన్ని, మధ్యలో అడ్డొచ్చే వస్తువులు కొన్ని. జీబీఎం బృందం వాళ్ళు ఇవన్నీ ముందే లెక్కకట్టి, ఆకాశాన్ని డిగ్రీకొక చుక్క చొప్పున 41 వేల పైచిలుకు చుక్కలుగా విడగొట్టి, ఒక్కో చుక్క నుంచి వస్తే పన్నెండు అంకెలు ఎలా ఉండాలో పట్టిక తయారుచేసుకున్నారు. నేను అంత చేయలేను కాబట్టి, భూమి కూడా ఒక పెద్ద మసక దీపం అనుకుని దాని వాటా ఒకటి కలిపాను. 19 కాస్తా 8 అయింది. సార్ "పర్లేదు" అన్నారు. ఆయన పర్లేదు అన్నారంటే బాగా చేసినట్టే.

కానీ 8 డిగ్రీల తప్పు అంటే ఎంతో మీకు చెప్పాలి. చందమామ వెడల్పు అర డిగ్రీ. నాలుగు డిగ్రీల తప్పుంటేనే ఆ వలయంలో 250 చందమామలు పడతాయి. నాదైతే వెయ్యి. జీబీఎం వాళ్ళ పక్కా లెక్కలకు కూడా మూడు నాలుగు డిగ్రీల తేడా మామూలే. అంతమేర ఆకాశాన్ని పెద్ద టెలిస్కోపుతో జల్లెడ పట్టేలోపు వెలుగు చల్లారిపోతుంది. 1991లో ఎగిరిన బాట్సే అనే పరికరం 2,704 బర్స్ట్‌లు పట్టి, అవి ఆకాశమంతా సమానంగా పరుచుకున్నాయని తేల్చింది. అయినా ఒక్కటి కూడా ఫలానా గెలాక్సీలోదని వేలు పెట్టి చూపలేకపోయారు. 1997 ఫిబ్రవరి 28న బెప్పోసాక్స్ అనే ఇటలీ ఉపగ్రహం ఎక్స్‌రేల్లో ఒకదాని చోటును గట్టిగా పట్టుకున్నాకే అవి మన పాలపుంత దాటి ఎక్కడో ఉన్నాయన్నదానికి దారి దొరికింది. సార్ చెప్పిన పాతికేళ్ళు అవే.

సెప్టెంబరులో సార్ ఇంకో మెలిక పెట్టారు. "మీ అమ్మమ్మ ఫోన్ పద్ధతి కూడా వేసి చూడు." (ఆయనకు ఆ కథ చెప్పి ఉన్నాను.) ఇంటెగ్రల్ అనే యూరప్ ఉపగ్రహం అప్పట్లో చాలా పొడవైన కక్ష్యలో తిరిగేది, భూమి నుంచి ఒకటిన్నర లక్షల కిలోమీటర్ల దాకా పోయేది. అంత దూరంలో ఉంటే ఫెర్మికీ దానికీ మధ్య అర సెకను తేడా రావొచ్చు. దాని డేటాలో ఒక్కో గడి 50 మిల్లీ సెకన్లు. రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి, ఒకదాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ ఎక్కడ అతుక్కుంటుందో చూడాలి. దర్జీ రెండు గుడ్డల పూలు కలిసేలా జరుపుకున్నట్టు. తేడా తెలిస్తే ఆకాశంలో ఒక వలయం వస్తుంది, బర్స్ట్ ఆ గీత మీద ఎక్కడో ఉంటుంది. నా వలయం గీతలా రాలేదు, దాదాపు పది డిగ్రీల వెడల్పున గాజులా వచ్చింది. అయినా ఫెర్మితో నాకు వచ్చిన 8 డిగ్రీల మచ్చను అడ్డంగా కోసింది, స్విఫ్ట్ చోటు ఆ కోతలోనే పడింది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్న విండ్‌ ఉపగ్రహంలోని కోనస్ డిటెక్టర్‌తో చేస్తే ఆ గాజు ఇంకా సన్నబడుతుంది. అంగారకుడి దగ్గర ఉపగ్రహాలైతే చెప్పనక్కర్లేదు, నిమిషాల తేడా వస్తుంది. కాకపోతే అక్కడినుంచి డేటా నింపాదిగా వస్తుంది.

మరి స్విఫ్ట్ ఒక్కటే అంత ఖచ్చితంగా ఎలా చెబుతుంది? అది నీడను చదువుతుంది. 2004 నుంచి తిరుగుతోంది. పైన ఒక పెద్ద పలక, దాని మీద దాదాపు 52 వేల సీసపు బిళ్ళలు, ఒక్కోటి అయిదు మిల్లీమీటర్లు, కావాలని అడ్డదిడ్డంగా అతికించినవి. మీటరు కింద 32,768 చిన్న డిటెక్టర్లు. పెళ్ళి పందిట్లో తాటాకుల సందుల్లోంచి నేల మీద పడే ఎండ చుక్కలు చూడండి. పొద్దు జరిగితే చుక్కలన్నీ కలిసికట్టుగా జరుగుతాయి. పందిరి అల్లిక మనకు తెలిస్తే, చుక్కలు చూసి సూర్యుడు ఎక్కడున్నాడో తల ఎత్తకుండా చెప్పొచ్చు. స్విఫ్ట్ అలా డిగ్రీలో పదో వంతు కంటే తక్కువ తప్పుతో చోటు కనిపెట్టి, తనంత తానే అటు తిరిగి, ఎక్స్‌రే టెలిస్కోపుతో ఇంకా దగ్గరగా చూస్తుంది. మనుషుల్ని అడగదు. కాకపోతే దాని పందిరి ఆకాశంలో చిన్న ముక్కనే చూస్తుంది. ఫెర్మికి భూమి అడ్డం లేని చోటంతా కనిపిస్తుంది. ఒకటి అంతా చూసి సరిగ్గా చెప్పలేదు, ఇంకొకటి సరిగ్గా చెబుతుంది కానీ అంతా చూడదు. ఈ రంగంలో పదేళ్ళుగా ఉన్న సీనియర్ల కష్టమంతా ఈ ముడి దగ్గరే.

మా ఊరి పేరు నిలబెట్టడానికి ఒక మాట. 2015 సెప్టెంబరు 28న ఉదయం పది గంటలకు శ్రీహరికోట నుంచి ఆస్ట్రోశాట్ అనే మన దేశపు ఉపగ్రహం ఎగిరింది. అప్పుడు టెన్త్ చదువుతున్నాను, స్కూల్ గ్రౌండ్‌లో నిలబడి చూశాం. ఎనిమిది రోజుల తర్వాత, అక్టోబరు 6న అది తన మొదటి బర్స్ట్ పట్టింది. 2022లో అయిదొందలు దాటించింది. ఆ రోజు చప్పుడుకు చెవులు మూసుకుని లెక్కల పీరియడ్ పోయిందని సంతోషించడమే నాకు గుర్తు.

ఇక అసలు సంగతి. దసరాకి ఇంటికెళ్ళాను. అక్టోబరు 9 ఆదివారం, ఆశ్వయుజ పౌర్ణమి, రాత్రి రైలుకి తిరుగు ప్రయాణం. ఆరున్నర దాటినా నేను సర్దుకోలేదని అమ్మ కేకలేస్తోంది. మిద్దె మీద ఆరేసిన బట్టలు తీస్తున్నాం ఇద్దరం. క్లిప్పులు నోట్లో పెట్టుకుని, దుప్పటి చెరో కొసా పట్టుకుని మడతపెడుతూ.

జీసీఎన్ అని ఒక వ్యవస్థ ఉంది, ఏ ఉపగ్రహానికి ఏం తగిలినా ప్రపంచంలో అందరికీ నిమిషాల్లో కబురు పంపుతుంది. సార్ నా మెయిల్‌కి అది పెట్టించారు. రైలెక్కి, పై బెర్త్ మీదకి ఎక్కి, ఫోన్ చూసుకున్నాను. స్విఫ్ట్ మన టైం 7 గంటల 40 నిమిషాలకు కొత్తగా ఏదో పట్టింది. "స్విఫ్ట్ జె1913.1+1946" అని పేరు పెట్టారు. బర్స్ట్‌లకు జీఆర్‌బీ అని తేదీతో పేరుంటుంది. ఇది అలా లేదు. పైగా పాలపుంత పట్టీకి దగ్గర. అంటే మన గెలాక్సీలోనే ఏదో నక్షత్రం గోల. నా ప్రాజెక్టు కాదు. ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టి పడుకున్నాను.

పొద్దున దిగేసరికి మెయిల్‌బాక్స్ నిండిపోయి ఉంది. అది బర్స్టే. స్విఫ్ట్ కంటే 53 నిమిషాల ముందే, 6 గంటల 47 నిమిషాలకు ఫెర్మికి తగిలింది. స్విఫ్ట్ చూసింది దాని తర్వాతి మసక వెలుగును. మసకే అంత జోరుగా ఉంది కాబట్టి కొత్త నక్షత్రమేమో అనుకున్నారు. జీఆర్‌బీ 221009ఎ. చిలీలోని వీఎల్‌టీ టెలిస్కోపుతో దూరం తేల్చారు: వెలుగు బయల్దేరి సుమారు 190 కోట్ల ఏళ్ళు. బర్స్ట్‌లలో ఇది మన వీధి చివర కిందే లెక్క. చైనాలోని లాసో అబ్జర్వేటరీకి విపరీతమైన శక్తి ఉన్న ఫోటాన్లు వేల సంఖ్యలో తగిలాయి. పది వేల ఏళ్ళకొకసారి వచ్చేంత వెలుగు అని తర్వాత లెక్కకట్టారు. ఇంగ్లీషులో "ఇంతవరకూ అన్నిటికన్నా ప్రకాశవంతమైనది" అనే మాటల మొదటి అక్షరాలు కలిపి దానికి బోట్ అని ముద్దుపేరు కూడా పెట్టారు. నేను దాన్ని చూసి, పేరు నచ్చక, పడుకున్నాను. సార్‌కి ఈ మాట డిసెంబరు దాకా చెప్పలేదు.

డేటా రాగానే నా కోడ్ నడిపాను. జవాబు 40 డిగ్రీల అవతల. ఈసారి ఏ బి సి డిలు రెండుసార్లు చూసుకున్నాను, తప్పు అక్కడ లేదు. పన్నెండు అంకెలు కాగితం మీద రాస్తే తెలిసింది: అన్నీ దాదాపు ఒకేలా ఉన్నాయి. బొమ్మ గీసి చూస్తే కొండ ఉండాల్సిన చోట కొండ కొమ్ము నరికేసినట్టు ఉంది. ఉపగ్రహం ఊపిరాడక ఉక్కిరిబిక్కిరయింది. ఒక్కో డిటెక్టర్ ఒక ఫోటాన్‌ని లెక్కపెట్టాక సెకనులో అతి చిన్న భాగం కళ్ళు మూసుకుంటుంది. అన్ని డిటెక్టర్లూ కలిపి సెకనుకు 3.75 లక్షల కంటే ఎక్కువ రాసుకోవడానికి చోటే లేదు. అదీకాక సినిమా హాలు గేటు దగ్గర ఇద్దరు ఒకరినొకరు అంటుకుని దూరితే, టికెట్లు చింపేవాడు ఒక లావుపాటి మనిషి వెళ్ళాడనుకున్నట్టు, రెండు ఫోటాన్లు కలిసి పడితే ఒకే పెద్ద ఫోటాన్‌గా నమోదవుతుంది. మొదలైన 219వ సెకను నుంచి సుమారు 277వ సెకను దాకా ఉన్న జీబీఎం డేటా అలా చెడిపోయింది. భోగిమంట మరీ దగ్గరైతే ఏ చెంప కాలుతోందో ఏం తెలుస్తుంది, ఒళ్ళంతా మంటే.

దారి సార్ చూపలేదు, నాకే తట్టింది. ఆ బర్స్ట్ మొదట చిన్నగా ఒకసారి వెలిగి, మూడు నిమిషాలు దాదాపు ఊరుకుని, తర్వాత విరుచుకుపడింది. ఫెర్మిని తట్టి లేపింది ఆ మొదటి చిన్న వెలుగే. అది చిన్నది కాబట్టి డిటెక్టర్లు దాన్ని శుభ్రంగా లెక్కపెట్టాయి. దాన్ని మాత్రమే తీసుకుని కోడ్ నడిపాను. స్విఫ్ట్ చెప్పిన చోటికి 7 డిగ్రీలు. ఈ 7 చూసి సార్ పర్లేదు అనలేదు. "బాగుంది" అన్నారు.

తర్వాత ఆయనే అడిగారు, "సరే, ఆకాశంలో ఎక్కడో చెప్పావు. ఆ క్షణంలో భూమ్మీద ఎవరి నెత్తిన ఉందో చెప్పు." ఇది చేత్తో చేసే లెక్కే. నక్షత్ర కాలం కట్టి, చోటు రేఖాంశంలోంచి తీసేస్తే 71 డిగ్రీల తూర్పు దగ్గర తేలింది, అక్షాంశం 20కి కాస్త తక్కువ ఉత్తరం. పటంలో వేలు పెడితే డయ్యూకి దక్షిణంగా వంద కిలోమీటర్ల అవతల, అరేబియా సముద్రం. అంటే మనమంతా సరిగ్గా దాని కిందే ఉన్నాం. ఇంకొక నిమిషంలో సూళ్లూరుపేటకి కూడా లెక్కకట్టాను: నడినెత్తికి 11 డిగ్రీలు వాయవ్యంగా. చేయి చాచి పిడికిలి పడితే, పిడికిలంత పక్కకి.

అమ్మకి ఫోన్ చేశాను. ఆ రోజు బట్టలు తీసిన టైం గుర్తుందా అని అడిగి, సంగతి చెప్పాను.

"అయ్యో, మనకేమన్నా అవుతాదా మరి?"

అవదని, గామా కిరణాలను గాలే ఆపేస్తుందని, పైన ఆకాశంలో రేడియో తరంగాలు తిరిగే పొర మాత్రం కాస్త కదిలిందని, అందుకే ఇవి చూడాలంటే టెలిస్కోపుల్ని గాలి దాటించి పంపాల్సి వస్తుందని చెప్పాను. నమ్మినట్టే ఉంది. రెండు రోజులకు పక్కింటి ఆంటీ ఫోన్ తీసుకుని అదే ప్రశ్న అడిగింది.

ప్రాజెక్టు మే నెలలో ఇచ్చేసి ఇంటికొచ్చాను. ఎండలకు అందరం మిద్దె మీదే పడక. ఒంటిగంటకి మెలకువ వచ్చి చూస్తే అమ్మ కూడా లేచే ఉంది. తూర్పున శ్రవణ నక్షత్రం బాగా పైకి వచ్చింది, ఈశాన్యంలో అభిజిత్తు తెల్లగా వెలుగుతోంది. చాపమీద నుంచే చేయెత్తి, "ఆ రెండూ కనిపిస్తున్నాయా, వాటి మధ్యలో, కొంచెం శ్రవణం వైపుకి, అదిగో అక్కడ" అని చూపించాను.

అమ్మ చాలాసేపు చూసింది.

"యాడే? ఆడేం లేదుగా?"

"ఇప్పుడేం లేదమ్మా."